చించేసిన పదకొండు పేజీలు

కుమాసి పెద్ద సంత, 1974. శనివారం పొద్దున్న, ఊళ్లో అంత్యక్రియలన్నీ జరిగే రోజు. కొట్టు తెరిచేసరికి సంతంతా మామె అని పిలిచే బిరాగో చేతిలో ఉన్నవి: నాలుగు అరల నిండా డచ్చి జిన్ను సీసాలు, కూర్చోడానికి ఒక స్టూలు, కల్తీ అమ్మదన్న పేరు. తొమ్మిదింటికి ఒక ముసలాయన వచ్చి కొట్టు ముందు నిలబడ్డాడు.

"రెండు సీసాలు అడిగాను మామె. లేవంటే లేవని చెప్పండి, వెళ్తాను."

"ఉన్నాయి. కనబడుతూనే ఉన్నాయిగా. అమ్మను."

"ఎందుకని?"

"ఎందుకో తెలీదా? ఎనిమిదేళ్లలో బాగా చిక్కారు గానీ ఆ ముక్కు అదే. నెత్తిన ఆ తెల్లజుట్టు టోపీ లేకపోతే గుర్తుపట్టననుకున్నారా, జస్టిస్ అసుబొంటెంగ్?"

"ఇప్పుడు జస్టిస్‌ని కాను. రిటైరయ్యాను."

"మంచిది. ఇంకెవరి ఇల్లూ పోదు."

"మామె బిరాగో..."

"అబ్బో, పేరు కూడా గుర్తుందే! తీర్పులో మాత్రం ఎక్కడా లేదు. 'ప్రతివాది', 'ప్రతివాది', అంతే. నాకు ఇంగ్లీషు రాదు. స్కూలు మాస్టరుకి డబ్బిచ్చి మూడుసార్లు చదివించుకున్నాను. మూడోసారి ఆయనే అన్నాడు, మామె, ఎన్నిసార్లు చదివినా చివర మారదు అని."

"సీసాలు ఇస్తారా, ఇవ్వరా?"

"దేనికి?"

"మీకెందుకు?"

"అంత్యక్రియలకైతే నల్లబట్ట కట్టుకునేవారు. మీరు తెల్లబట్ట కట్టారు. అంటే ఆసెడాకి. ఎవరో ఏదో ఇస్తున్నారు, పుచ్చుకున్నవాళ్లు జిన్ను పెట్టి కృతజ్ఞత చెప్పుకోవాలి. ఔనా? మీకెవరేమిస్తున్నారు?"

"నాకు కాదు. నేను ఇస్తున్నాను."

"అయితే పుచ్చుకునేవాళ్లు కదా సీసా కొనాల్సింది! ఇది కూడా జిన్ను అమ్ముకునేదాన్ని నేనే చెప్పాలా?"

"డబ్బు పుచ్చుకునేవాళ్లదే. ఈ రుమాలు మూట మా ఆవిడ అచియా కట్టిచ్చింది. మోకాళ్లు పట్టేసి సంతలోకి నడవలేదు. నేను మోసుకెళ్లేవాణ్ణి, అంతే."

"ఓహో. ఇల్లా?"

"ఇల్లే."

"ఇదిగో వినండి, సంతలో ఉన్నవాళ్లందరూ వినండి! ఇల్లు భార్యకి ఇస్తున్నాడట ఈయన!"

"అరవకండి మామె."

"ఎందుకు అరవకూడదు? నా ఇంటి సంగతి ఊరంతా విన్నారు. మీరు ఎత్తు కుర్చీలో కూర్చుని విన్నారు. సరే, ఒక్కటి చెప్పండి. చెప్తే సీసాలిస్తాను. నన్ను ఓడించాలని ఎప్పుడు అనుకున్నారు?"

"ఎందుకు ఓడించానని అడుగుతున్నారా?"

"ఎందుకన్నది మూడుసార్లు చదివించుకున్నానని చెప్పానుగా. ఎందుకని కాదు. ఎప్పుడు? ఏ రోజున?"

"రెండు పక్షాలూ విన్నాక, చట్టం చూశాక, ఆలోచించాక."

"అబద్ధం."

"మామె..."

"నలభై ఏళ్ల నుంచి కొనేవాళ్ల మొహాలు చూస్తున్నాను జడ్జిగారూ. మనిషి గుమ్మంలో అడుగుపెట్టినప్పుడే తేల్చేసుకుంటాడు, కొంటాడా కొనడా అని. ఆ తర్వాత మూత తిప్పి చూడ్డం, వెలుతురులో పట్టుకుని చూడ్డం, ముద్ర చదవడం... అదంతా ఇంటికెళ్లాక పెళ్లానికి చెప్పుకోడానికి. మీరూ అంతే. ముందు తేల్చుకున్నారు, తర్వాత కారణాలు ఏరుకున్నారు."

"నేను కొనడానికి కూర్చోలేదు. తూకం వేయడానికి కూర్చున్నాను."

"తూకం వేసేవాడి బొటనవేలు ఎక్కడుందో చూడ్డమే నాకు తెలిసిన విద్య."

"చట్టం వేసే తూకంలో బొటనవేలుండదు. జరిగింది ఇది, చట్టం ఇది, కాబట్టి ఫలితం ఇది. నేనైనా, ఇంకో జడ్జి అయినా, ఎవరికైనా అదే వస్తుంది."

"అలాగా! అయితే జడ్జి ఎందుకు? నా స్కూలు మాస్టర్ని కూర్చోబెట్టకపోయారా, జీతం తక్కువ."

"వెటకారం మానండి. నేనేం రాశానో మీకు గుర్తుందా?"

"మీ నోటితోనే చెప్పండి, ఒక్కసారి మన భాషలో వింటాను."

"మీ ఆయన యావ్ దపా చనిపోయే ముందు ఆ ఇల్లు మీకిచ్చారన్నారు. ఆయన పోవడానికి ముందు వచ్చిన ఆదివారం మీరు రెండు జిన్ను సీసాలు ఎదురుగా పెట్టి ఆసెడా చెప్పారన్నారు. మీ తమ్ముడూ, పక్కింటి దర్జీ చూశారన్నారు. బాగానే ఉంది. అప్పుడు మీ ఆయన మేనల్లుడు సెచెరె తరపు వకీలు లేచి ఒక్క ప్రశ్న అడిగాడు. ఆ సీసాలు ఏమయ్యాయి?"

"చెప్పాను."

"చెప్పారు. మూత కూడా తీయలేదు, మళ్లీ కొట్లో అరమీద పెట్టేశాం, సోమవారం ఎవరికో అమ్మేశాం అన్నారు."

"జిన్ను అమ్ముకు బతికేవాళ్లం. మన సరుకు మనమే తాగేస్తే ఎలాగే అన్నాడు మా ఆయన. ఇందులో తప్పేంటి?"

"కోర్టులో ఉన్న ముసలివాళ్లందరూ ఒక్కసారి నోరు నొక్కుకున్నారు, గుర్తుందా? నేలమీద చుక్క పడలేదు, నలుగురి గొంతులో దిగలేదు. అది ఆసెడా కాదు. ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి తీసుకున్నట్టు. ఆసెడా లేని దానం పూర్తి కాదు. దానం పూర్తికాకుండా మనిషి పోతే ఆస్తి మేనల్లుడిది. ఈ ఆచారం నేను పుట్టించింది కాదు. మా తాతల నాటిది. మీ తాతలదీ."

"సెచెరె ఇచ్చిన గొర్రె కూడా మీ తాతల నాటిదేనా?"

"ఏమన్నారు?"

"విన్నారు."

"నేను ఎవరి దగ్గరా గొర్రె కాదు కదా, గుడ్డు కూడా పుచ్చుకోలేదు."

"అయితే మీ కలం ఎందుకు ఆగింది?"

"ఏ కలం?"

"మీ చేతిలోది! సాక్షి చెప్పిందంతా మీరే స్వయంగా రాసుకునేవారు కదా. సెచెరె మాట్లాడుతుంటే మీ కలం పరుగులు తీసింది. వాడు దగ్గితే దగ్గు కూడా రాశారేమో. నేను బోనులో నిలబడి, మా ఆయన ఏమన్నాడో, ఇసక ఎవరు మోశారో, మేస్త్రీలకి తినడానికి ఫూఫూ ముద్దలు ఎవరు దంచి పెట్టారో చెప్తుంటే, కలం బల్లమీద పడుకుంది. నా కళ్లతో చూశాను. నా మాటలు రాసుకోడానికి కూడా పనికిరాలేదు. ఆ రోజే తేల్చేశారు. అవునా కాదా?"

"అవును. ఆ రోజే."

"చూశారా! ఇన్నాళ్లకి..."

"మామె, నాలుగు సీసాలు ఇప్పించండి, మా పెదనాన్నని పన్నెండింటికి పూడుస్తున్నారు."

"అయ్యో, తీసుకో అమ్మా. కింది అరలోవి తీసుకో. డబ్బు ఆ డబ్బాలో వెయ్యి."

"ఈ తాతగారు ముందొచ్చారు కదా మామె?"

"ఈయనకి తొందర లేదులే. ఈయన జనానికి ఎనిమిదేసి నెలలు వాయిదాలిచ్చేవాడు, గంటసేపు నిలబడితే ఏం పోదు. వెళ్లు తల్లీ, పొద్దెక్కుతోంది... ఆ, చెప్పండి. ఆ రోజే తేల్చేశానన్నారు."

"మీరు సగమే విన్నారు. ఆ రోజే తేల్చుకున్నాను. మీరు గెలవాలని."

"ఏంటీ?"

"కలం ఆగింది మీ మాట పనికిరాక కాదు. ఇక రాసుకునే అవసరం లేక. నమ్మేశాను. సెచెరె మాటలు రాసింది, వాటిలో తప్పు పట్టుకోడానికి."

"ఇప్పుడు సీసాలు కావాలి కాబట్టి అంటున్నారు."

"సీసాలు పక్క కొట్లో కూడా ఉన్నాయి మామె. ఆ సాయంత్రమే ఇంటికెళ్లి తీర్పు రాయడం మొదలుపెట్టాను. ఇల్లు మీదే అని. పదకొండు పేజీలు. మీరన్నది నిజమే. ముందు తేల్చుకున్నాను, తర్వాత కారణాలు వెతికాను. దొరికాయి కూడా. సీసా తెరవకపోయినా పుచ్చుకున్నట్టేనని ఎక్కడో తీరప్రాంతపు తీర్పు ఒకటి దొరికింది. దాన్ని లాగి లాగి మీ దాకా తెచ్చాను. చక్కగా అతికింది. చదివితే ఎవరైనా చట్టమే చెప్పిందనుకుంటారు."

"మరి ఏమైంది ఆ కాగితాలకి?"

"చించేశాను."

"ఎందుకు చించారు? ఎంతిచ్చాడు సెచెరె?"

"ఆపండి ఆ మాట! మా ఆవిడ చదివింది. చదివి, 'ఇందులో మీ అమ్మ ఉంది' అంది. అంతే. ఇంకేమీ అనలేదు."

"మీ అమ్మా?"

"నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాన్న పోయాడు. నలభయ్యో రోజున మేనల్లుళ్లు వచ్చి మా అమ్మ వంటగిన్నెలు వీధిలో పెట్టారు. గిన్నెలు మోసింది నేనే. మళ్లీ చదివితే నాకూ తెలిసింది. ఆ పదకొండు పేజీల్లో మీరు లేరు, సెచెరె లేడు. మా అమ్మ ఉంది, ఆ గిన్నెలున్నాయి. ఒక మనిషి ఇల్లు ఇంకో మనిషికి మా అమ్మ పేరున రాసిచ్చే హక్కు నాకు ఎవరిచ్చారు? ఆ కేసులో ముక్కూమొహం తెలియని ఇద్దరుంటే చట్టం ఏమంటుందని మొదటినుంచీ మళ్లీ చూశాను. ఓడిపోయింది మీరు."

"అంటే మీ అమ్మని మేనల్లుళ్లు వెళ్లగొట్టకపోతే..."

"పదకొండు పేజీలు ఉంచేవాణ్ణేమో. తెలీదు."

"మీ అమ్మ ఇల్లు పోయినందుకు నా ఇల్లు కూడా తీసేశారన్నమాట. బాగుందయ్యా న్యాయం! బొటనవేలు లేదన్నారు. ఉంది. అది పడకూడదని చెయ్యి మొత్తం అవతలి తట్టలో వేశారు!"

"అనండి. నేనూ చాలాసార్లు అనుకున్నాను."

"అనుకుంటే సరిపోయిందా? మీరు అనుకుంటూ మీ ఇంట్లో కూర్చున్నారు. నేను మా తమ్ముడి వరండాలో పడుకున్నాను. సెచెరె ఆ ఇంటికి ఆకుపచ్చ రంగు వేయించాడు, చూశారా? చూడలేదు. నేను రోజూ ఆ సందులోంచే కొట్టుకొస్తాను. ఇంకేం చెప్పడానికి వచ్చారు? పక్క కొట్లో సీసాలున్నాయని మీరే అన్నారుగా. అక్కడ కొనుక్కుని వెళ్లకపోయారా? గాయం ఎలా ఉందో చూడ్డానికొచ్చారా?"

"సీసాలకోసం రాలేదు."

"మరి?"

"మీకోసం వచ్చాను."

"నాకోసమా!"

"నా గుండె ఇంకో వానాకాలం చూడదంటున్నాడు డాక్టరు. మా అక్క కొడుకులు ముగ్గురు. నేను కళ్లు మూస్తే అచియా గిన్నెలు వీధిలో పెట్టడానికి ముగ్గురూ తయారే. అందులో ఒకడు వకీలు, నేనే చదివించాను."

"విల్లు రాయండి. చదువుకున్నవారు."

"రాశాను. విల్లులో తప్పులు ఎలా వెతకాలో వాడికి నేర్పింది కూడా నేనే. మావాళ్లు కాగితానికి భయపడరు మామె, నేలమీద ఒలికిన జిన్నుకి భయపడతారు. ఇవాళ రెండింటికి అందరూ కూర్చుంటారు. ఇల్లు ఆవిడకిస్తున్నానని చెప్తాను, ఆవిడ ఆసెడా చెప్తుంది. మూత తీస్తాం, ఒలకబోస్తాం, తాగుతాం. కానీ సాక్షులందరూ ఆవిడవాళ్లో, నావాళ్లో. రేపు కోర్టులో ఒకళ్లు భయపడతారు, ఒకళ్లు అమ్ముడుపోతారు. ఏ పక్షానికీ చెందని మనిషి ఒకరు కావాలి. ఎంత గుచ్చి అడిగినా మాట మార్చని మనిషి."

"కుమాసిలో మూడు లక్షలమంది ఉన్నారు."

"ముప్ఫై రెండేళ్లు జడ్జి కుర్చీలో కూర్చున్నాను. ఆసెడా కేసులు నా ముందుకి వందల్లో వచ్చాయి. అందరిదీ ఒకటే పాట. రెండు సీసాలు, నలుగురు పెద్దలు, నేలమీద ఒలకబోశాం, అందరం తాగాం. బట్టీ పట్టినట్టు చెప్పేవాళ్లు. సీసాలేమయ్యాయంటే 'తాగాం' అని ఒక్క ముక్క మీరూ అని ఉంటే ఇల్లు మీది. ఎవడూ కాదనలేడు. మీరు అనలేదు. అరమీద పెట్టేశాం అన్నారు. మీ మెడకి మీరే ఉరి వేసుకునే మాట. అది విన్నప్పుడే నా కలం ఆగింది. అలాంటి మాట కల్పించుకుని ఎవరు చెప్తారు? నేను చూసిన సాక్షుల్లో తనకి నష్టమని తెలిసీ నిజం చెప్పింది మీరొక్కరే. నన్ను తిట్టండి, క్షమించొద్దు. అచియా కోసం రండి. ఆవిడ మీకేమీ చెయ్యలేదు. ఆ పేజీల్లో తేడా పట్టింది కూడా నన్ను నిలబెట్టడానికే."

"ఉండండి. కాసేపు మాట్లాడకండి."

"వస్తారా?"

"కూర్చోండి. ఆ స్టూలు లాక్కోండి. అంతసేపు నిలబెట్టాను, గుండె జబ్బు మనిషిని."

"పరవాలేదు."

"కూర్చోమన్నాను... జడ్జిగారూ, ఎప్పుడూ రాని మనిషి తొలిసారి నా కొట్టుకొస్తే నేనేం చేస్తానో తెలుసా?"

"చెప్పండి."

"పెట్టె తెరిచి, పైన ఉన్న సీసా నేనే తీసి చూపిస్తాను. 'చూసుకో నాయనా, దీని కాగితం చిరిగింది, తర్వాత నన్ననొద్దు' అంటాను. అంతే. ఇక మిగతా పదకొండూ తిప్పి చూడడు. తన లోపం తనే చూపించే మనిషి మోసం చేస్తుందా అనుకుంటాడు."

"ఏమంటున్నారు మీరు?"

"మూత తీయలేదన్నదే నేను చూపించిన చిరుగు. అది చూడగానే మీ మనసు పెట్టె మొత్తం కొనేసింది. మీ చట్టం మాత్రం ఆ చిరుగు దగ్గరే ఆగిపోయింది. అంత దూరం ఆలోచించలేదు నేను. నలుగురిలా చెప్తే నమ్మరేమో అనుకున్నాను గానీ, నమ్మి కూడా ఓడిస్తారనుకోలేదు."

"మామె... ఆ ఇల్లు..."

"ఆ ఇల్లు నాదే! ఇసక మోసింది నిజం. ఫూఫూ దంచింది నిజం. ఇల్లు నీకిస్తానే అని మా ఆయన తన నోటితో అన్నది నిజం. వాటికి మీ ఆచారంలో విలువ లేదుగా. విలువ ఉన్నది సీసాలకి."

"సీసాలు... మీ తమ్ముడు చూశాడన్నాడు. దర్జీ చూశాడన్నాడు."

"నేను నేర్పింది చెప్పారు. ఆ చూపేంటి? అచియాకి సాక్షిగా మీకు కావాల్సింది అబద్ధం చెప్పని మనిషి. ఆ సరుకు నా దగ్గర లేదు. లేనిది ఉందని అంటగడితే, రేపు మీ వకీలు మేనల్లుడు నన్ను బోనులో నిలబెట్టి తవ్వుతాడు, ఆవిడ గిన్నెలు వీధిలో పడతాయి. రెండు సీసాలూ తీసుకోండి, డబ్బు అక్కడ పెట్టండి, ఆ చివర టమాటాలమ్మే అమ్మాయిని అడగండి, దానికి మీవాళ్లెవరూ తెలీదు, నోట్లో మాట దాచుకోదు."

"ఎనిమిదేళ్లు నన్ను దొంగ అన్నారు, మామె. ఇప్పుడు కూడా అన్నారు."

"అన్నాను. మీరు గొర్రె తిని ఓడించారనుకుంటే, నేనేం చెప్పానో నాకు గుర్తొచ్చేది కాదు. మీమీద కోపంతో కొట్టు తెరిచేదాన్ని, కోపంతో మూసేదాన్ని. ఇవాళ అదీ మీరే పట్టుకుపోతున్నారు. ఇల్లు సెచెరెకి దక్కింది, సరైన తీర్పు మీకు దక్కింది. నాకు దక్కింది చూసుకుంటే, ఆ కోర్టులో నన్ను నమ్మిన మనిషి ఒకడున్నాడు, అంతే. వచ్చే ఆదివారం అందర్నీ పిలుద్దాం అన్నాడు మా ఆయన. శుక్రవారమే పోయాడు. ఆ రెండు సీసాలూ అరమీద నుంచి కదలనే లేదు, జడ్జిగారూ."